అమ్మాయి ఒప్పుకోవాలి

పద్దెనిమిదేళ్లు నిండిన రోజు కూడా మా అమ్మాయి ఎప్పటిలాగే అన్నం ఒకపక్క, పప్పు ఒకపక్క, ఒకదానికొకటి తగలకుండా పెట్టుకుని తింది. చట్టం లెక్కలో మాత్రం ఆ రోజుతో మేజరైపోయింది. ఆటిజం ఉన్నవాళ్లకు ఆ వయసు దాటాక సంరక్షకులను నియమించే పని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం స్థానిక కమిటీలకు అప్పగించింది. దరఖాస్తు పెట్టుకోవాలి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పరిమిత సంరక్షకత్వం అంది. అంటే ఫలానా విషయానికి, ఫలానా కాలానికి మాత్రమే, అదీ ఆ మనిషి ఇష్టప్రకారం, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. ఆ ‘ఇష్టప్రకారం’ దగ్గరే నా మనసంతా ఉంది. ఇష్టం చెప్పడం వస్తేనే కదా, ఎవరైనా దాని ప్రకారం నడిచేది!

చిన్నప్పుడు థెరపీలో పిల్లలకు ఎక్కువగా చెప్పేది మాట వినమనే. కూర్చో అంటే కూర్చోవాలి, చెయ్యి ఇమ్మంటే ఇవ్వాలి. అప్పటికి అది అవసరమే. కానీ ఎవరు ఏం చెప్పినా వినే ఆడపిల్ల ఇరవయ్యేళ్లకు ఎంత ప్రమాదంలో ఉంటుందో తల్లులకు వేరే చెప్పాలా? అందుకే ఇప్పుడు మా ఇంట్లో పాఠం కాదనడం.

మొన్న పండక్కి బట్టలు కుట్టించడానికి వెళ్లాం. కొలతలకని టైలరమ్మ టేపుతో దగ్గరికొస్తే అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి, అరచెయ్యి అడ్డం పెట్టి, “వద్దు” అంది. షాపులో ఉన్నావిడ, “ఏం కాదమ్మా, ఆంటీయే కదా” అంది. ఆంటీ అయినా సరే, వద్దంటే వద్దే. ఆది కోసం పాత కుర్తీ తెచ్చిచ్చాం. మెడ వెనక లేబుల్ గుచ్చుకుంటుందని కత్తిరించేసిన కుర్తీ అది. టైలరమ్మ దాన్ని బల్ల మీద పరిచి కొలుచుకుంటుంటే అమ్మాయి పక్కనే నిలబడి, టేపు ఒక కొస తానే పట్టుకుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవడం, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

మా తర్వాత ఎవరన్న ప్రశ్న మమ్మల్నీ నిద్రపోనివ్వదు. మా చెల్లెలు చూసుకుంటానంది. తన మాట చాలదు, అమ్మాయీ ఒప్పుకోవాలి. అందుకే చెల్లెలు ఆదివారాలు వచ్చి రోజంతా ఉంటోంది. నోటితో కంటే ఫోన్‌లో టైప్ చేసి చెప్పడం మా అమ్మాయికి తేలిక. పిన్నితో ఉంటావా అని అడిగితే చాలాసేపు ఆగి, “పిన్ని ఓకే. మిక్సీ వద్దు” అని కొట్టింది.

మిక్సీ వేసే ముందు చెప్తానని, అమ్మాయి వేరే గదిలోకి వెళ్లాకే స్విచ్ వేస్తానని చెల్లెలు ఒప్పుకుంది. ఆ షరతు కాగితం మీద రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, దరఖాస్తు ఫైల్లో దాచాను.