ముసలి ఓడ

చిన్నతనంలో తాత చెప్పిన కథల్లో రాక్షసులు తక్కువ, ఓడలు ఎక్కువ. తాతది విజయనగరం జిల్లా కోనాడ. చంపావతి సముద్రంలో కలిసే చోటు అది. వేట ఆయన వృత్తి. ఆయన చెప్పిన ఓడలన్నిటిలోకీ నాకు ప్రీతిపాత్రమైనది ‘రాజ్‌పుత్’.

ఆ డెస్ట్రాయర్ 1942లో స్కాట్లండులో జలప్రవేశం చేసింది. అప్పటి పేరు ‘రోథర్‌హామ్’. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకగా హిందూమహాసముద్రంలో తిరిగి, 1949లో మన నౌకాదళంలో చేరి, పేరు మార్చుకుంది. 1971 నాటికి వయసుడిగి, సేవల నుంచి తప్పుకోవడానికి విశాఖ చేరింది. అంతలో యుద్ధం వచ్చిపడింది.

మన విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వెతుకుతూ పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ బంగాళాఖాతంలోకి ప్రవేశించింది. విక్రాంత్ అండమాన్ల చాటున భద్రంగా ఉంది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఈ ముసలి ఓడ చేత విక్రాంత్ వేషం కట్టించారు. విశాఖకు దూరాన నిలిచి, పెద్ద ఓడ వలె వైర్‌లెస్ సందేశాలు కురిపించడం దాని పని. శత్రువును తన వైపు తిప్పుకోవడమే ఆ పాత్ర. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, ఇందర్ సింగ్ నాయకత్వంలో రేవు దాటుతూ, నీటిలో ఏదో అలికిడి గమనించి రెండు డెప్త్‌చార్జీలు విడిచింది. కాసేపటికి పెద్ద పేలుడు. ఘాజీ మునిగింది. అందులోని తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. మన నౌకాదళం ఆ ఘనతను రాజ్‌పుత్‌కిచ్చింది. తమ మైనుల వల్లనో, లోపలి పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ వాదన.

ఈ ఘట్టం రాగానే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. తాత మాత్రం వల బాగుచేసుకుంటూ, “గెలిసినాం గానీ, ములిగినోలికీ ఇల్లూ వాకిలీ ఉంటాది కదేటిరా” అనేవాడు.

ఆ మాట ఎందుకన్నాడో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మా పెదనాన్న ఒక తుఫానులో వేటకు వెళ్ళి తిరిగి రాలేదట. శవం కూడా దొరకలేదు. మామ్మ చనిపోయేవరకూ రాత్రిళ్ళు తలుపు గడియ వేయనివ్వలేదట.

రాజ్‌పుత్‌ను 1976లో తుక్కుగా విరగ్గొట్టారు. అదే పేరుతో 1980లో వచ్చిన మరో డెస్ట్రాయర్ కూడా 2021లో విశాఖలోనే విశ్రమించింది. ఘాజీ మాత్రం ఇంకా అక్కడే, మన తీరానికి దగ్గరలో, నీటి అడుగున ఉంది.

విశాఖ తీరాన యుద్ధస్మారకం ముందు నిలబడినప్పుడల్లా నాకు గర్వమే కలుగుతుంది. కానీ చప్పట్లు కొట్టడానికి మాత్రం చేతులు రావు. తెరిచి ఉంచిన మామ్మ తలుపు గుర్తుకొస్తుంది.