ఎంజీబీ ముందు షాకులు

ఎంజీబీ ముందు షాక్ అబ్జార్బర్లు విప్పినప్పుడల్లా వాటిని డిజైన్ చేసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు ఇది. దీని ముందు షాకులు మన బైకులకుండే గొట్టాల్లాంటివి కావు. ఆయిల్ నింపిన బరువైన పెట్టె, దాని షాఫ్ట్‌కి బిగించిన ఆర్మ్. చక్రాన్ని పైనుంచి పట్టుకునేదీ ఆ ఆర్మే, కుదుపుని ఆపేదీ అదే. ఎంత పొదుపైన ఆలోచన!

అందుకే ఇక్కడ తొందర పనికిరాదు. కింద స్ప్రింగ్ పాన్‌కి గట్టిగా జాకీ ఆనించకుండా ఆర్మ్ ఊడదీస్తే, నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఎగిరి తంతుంది. ప్రాణానికే ప్రమాదం. హబ్‌ని కూడా తీగతో పైకి కట్టాలి, దాని బరువంతా బ్రేక్ గొట్టం మీద పడకూడదు.

షాఫ్ట్ చుట్టూ నల్లటి జిడ్డు, దుమ్ము పేరుకుందంటే లోపల అరిగి ఆయిల్ కారుతోందన్నమాట. ఆయిల్ పోస్తూ నెట్టుకురావచ్చు గానీ అది కొన్నాళ్ల ముచ్చటే. మారిస్తే రెండు వైపులా మార్చాలి. కొత్తది బిగించే ముందు నిటారుగా పెట్టి ఆర్మ్‌ని పైకీ కిందకీ ఆడించండి. గాలంతా పోయి, చేతికి ఒకే బిగువు తగలాలి.

ఇంకో మాట. పాతవాటిని తుక్కులో వేయకండి. కొత్త బుష్షులు, సీళ్లు వేసి వాటిని మళ్లీ బాగుచేసేవాళ్లున్నారు.