పూటకూళ్ళింటి మనవడు

హాంబర్గు నుంచి తిరిగివచ్చిన నాటి నుంచి నందిగామలో ఎదురుపడిన ప్రతివారిదీ ఒకటే ప్రశ్న. “మాస్టారూ, అక్కడ భోజనానికి ఏం చేశారు?” ఏం చూశారని అడిగినవారు అరుదు. అది తప్పని నేననను. ఊరు దాటిన మనిషికి మొదటి చింత అన్నమే. ఆ ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చుంటే, యాభై యేళ్ళకు పైగా నేను దాచుకున్న మరొక సంగతి బయటపడింది. రెండూ విన్నవించుకుంటాను.

నేను వెళ్ళింది 2023 వేసవిలో, మా అబ్బాయి ఇంటికి. హాంబర్గు ఉత్తర జర్మనీలోని పెద్ద రేవుపట్టణం. చిత్రమేమంటే అది సముద్రపుటొడ్డున లేదు. నూరు కిలోమీటర్ల పైచిలుకు లోపల, ఎల్బే నది మీద ఉంది. ఓడలు నదికి ఎదురెక్కి వస్తాయి. రేవు కాబట్టి తిండిలో చేపదే పెత్తనం. గుండ్రని రొట్టెను చీల్చి నడుమ ఊరవేసిన చేపముక్క, ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. దారిన పోయేవాడు నిలబడే తిని సాగిపోతాడు. ‘లాబ్స్‌కౌస్’ అనేది పాతకాలపు నావికుల వంటకం. ఉప్పులో నిలవచేసిన గొడ్డుమాంసాన్ని బంగాళాదుంపలతో మెదిపి, బీట్‌రూటు చేర్చి, పైన వేయించిన గుడ్డు వేసి పెడతారు. నెలల తరబడి నీటి మీద బతికేవారికి నిలవ సరుకే గతి మరి.

శాకాహారినైన నాకు ఇవేవీ పనికిరాలేదు. అయినా పస్తులుండలేదు. పొద్దున ‘ఫ్రాంత్స్‌బ్రోట్షెన్’ అనే రొట్టె దొరికేది. వెన్న, చక్కెర, దాల్చినచెక్కపొడి పొరల నడుమ పెట్టి కాలుస్తారు. ఆ ఊరికి అది ప్రత్యేకం. మధ్యాహ్నం ఊరు తిరిగేటప్పుడు అరబ్బుల అంగళ్ళలో ఫలాఫెల్. శనగలు రుబ్బి వేయించినది, మన మసాలావడకు దూరపు చుట్టమనుకోవచ్చు. రాత్రికి కోడలు వండిన అన్నం, చారు. ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. అక్కడి భోజనశాలలో కూర్చోగానే మంచినీళ్ళు పెట్టరు. చాలాచోట్ల సీసా కొనుక్కోవాలి. విస్తరి కంటే ముందు నీళ్ళచెంబు వచ్చే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను.

ఆ ఇంటి సంగతే చెప్పాలి.

ఒకనాడు మా మనవరాలు నన్ను ఫెడ్డెల్ అనే పేటకు తీసుకుపోయింది. ఆల్బర్ట్ బలీన్ నాయకత్వంలో హపాగ్ ఓడల కంపెనీ 1901లో అక్కడ వలసప్రయాణికుల కోసం పెద్ద వసతిగృహాలు కట్టించింది. తూర్పు ఐరోపా నుంచి పేదలు, ఆపదలో ఉన్న యూదులు అమెరికా ఓడ కోసం అక్కడ రోజుల తరబడి వేచి ఉండేవారు. పడకలు, వైద్యపరీక్షలు, భోజనశాలలు అన్నీ అక్కడే. 2007 నుంచి అది ప్రదర్శనశాల. యూదులకు వారి ఆహారనియమం ప్రకారం వేరే వంటశాల, వేరే భోజనశాల ఉండేవని చెబుతూ, మా మనవరాలు ఉన్నట్టుండి అడిగింది. “తాతయ్యా, మన ఊళ్ళో ప్రయాణాలు చేసేవాళ్ళకు ఎవరు అన్నం పెట్టేవారు?”

“మా నాయనమ్మ” అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకు పోయే పాత బాట మా మెట్టసీమ గుండానే సాగేది. తరవాత అదే బెజవాడ – హైదరాబాదు రహదారి అయింది. నందిగామ తాలూకా కేంద్రం. జగ్గయ్యపేట వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేర కట్టించిన వర్తకపు పట్టణం. కచేరీలో పనిబడిన రైతులు, మిరపకాయల బేరగాళ్ళు, వేదాద్రికి పోయే యాత్రికులు అందరికీ ఏదో ఒక పూట ఇక్కడ గడవాలి. వైధవ్యం, ఇద్దరు పిల్లలు, సెంటు భూమి లేదు. మా నాయనమ్మ నందిగామలో పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. మోదుగాకు విస్తరిలో కందిపప్పు, గోంగూర, చారు, మజ్జిగ. నాకు తెలిసేనాటికి వెల ముప్పావలా.

బడిలో నన్ను ‘పూటకూళ్ళింటి మనవడు’ అని పిలిచేవారు. కూడు అచ్చతెనుగు మాట, దాని బహువచనమే కూళ్ళు. తప్పేమీ లేని ఆ మాట నాకు తిట్టులా వినబడేది. భాషాప్రవీణ చదివి, తెలుగు పండితుణ్ణయి, జగ్గయ్యపేటలో పాఠం చెప్పే రోజుల్లో కూడా ఆ సిగ్గు పోలేదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు దొరికే పెసరపప్పునూ, అరటిపళ్ళనూ, గడ్డపెరుగునూ నోరూరేటట్టు వర్ణించి చెప్పేవాణ్ణి. కన్యాశుల్కానికి వచ్చేసరికి పూటకూళ్ళమ్మ పేరెత్తగానే పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆమె కూడు తిని, ఆమె సొమ్ము కాజేసింది గిరీశం. మోసపోయింది ఆమె. అయినా నవ్వు ఆమె మీదకే పోయేది. ఆ నవ్వును ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపలేదు.

డొక్కా సీతమ్మగారి (1841–1909) పాఠం చెప్పినప్పుడు నా కంఠం గద్గదమయ్యేది. లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన మహాతల్లి ఆమె. అందులో సందేహం లేదు. కాని పెట్టడానికి ఆమెకు పొలం పండింది. మా నాయనమ్మకు పప్పు కొంటేనే పప్పు. ముప్పావలా పుచ్చుకున్నంత మాత్రాన ఆమె పెట్టింది అన్నం కాకపోయిందా? చివరి బస్సు దిగి అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి మళ్ళీ పొయ్యి రాజేసి వార్చేది. ఆ రెండోసారి వంటకు వేరే వెల లేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మా నాయనమ్మను పూజించినట్టవుతుంది కాని నిజం చెప్పినట్టు కాదు. మా ఇంట కూడా రెండు భోజనస్థలాలుండేవి. ఒకటి లోపలి వసారా. రెండోది వీధి అరుగు. నెలకొకసారి కచేరీ పని మీద ఒక ఉపాధ్యాయుడు వచ్చేవారు. తెల్లని మడత నలగని చొక్కా, జేబులో కలం. ఆయనకు అరుగు మీదే విస్తరి. నీళ్ళు చెంబుతో పైనుంచి ఆయన దోసిట్లో పోసేవాణ్ణి నేను. తిన్న తరవాత ఆయనే విస్తరి తీసి, చోటు కడిగి, అందరిలాగే ముప్పావలా పెట్టి వెళ్ళేవారు. వెల మాత్రం సమానం. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. పదమూడేళ్ళయినా మా అరుగు దాకా అది రాలేదు.

ఫెడ్డెల్‌లోనూ భోజనశాలలు రెండే. అయితే అక్కడ వేరు చేసింది, యూదుడు తన నియమం చెడకుండా లోపల బల్ల ముందు కూర్చుని తినడానికి. ఇక్కడ వేరు చేసింది, ఒక మనిషిని గడప ఇవతల ఉంచడానికి. రెండింటినీ ఒక గాటన కట్టలేం. ఆ శాలలో నిలబడి ఉండగా నాకు తెలిసివచ్చింది ఇదే: సిగ్గుపడనక్కరలేనిదానికి బతుకంతా సిగ్గుపడ్డాను. సిగ్గుపడవలసినదాన్ని తలచుకోనైనా లేదు. ఆ ఉపాధ్యాయుడు ఏ బడిలో చెప్పేవారో, ఆయన పేరేమిటో, అదే వృత్తిలో అన్నేళ్ళున్నా నేను విచారించలేదు.

మనవరాలికి అరుగు సంగతీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత “ఆయన నీతో ఏమైనా అనేవారా తాతయ్యా?” అంది. అనేవారు. నీళ్ళు పోసిన ప్రతిసారీ, “బాగా చదువుకో బాబూ” అనేవారు.

నందిగామ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. రహదారి పొడుగునా భోజనశాలలే. లారీ డ్రైవరు పక్కన ఎవరు కూర్చున్నారని ఎవరూ చూడరు. కూర్చోగానే నీళ్ళ గ్లాసు వస్తుంది. మా పాత ఇల్లు లేదు, ఆ స్థలంలో దుకాణాలు వచ్చాయి. అరుగు పోయినందుకు నాకు విచారం లేదు. వంటిల్లు పోయినందుకు ఉంది.