మా దవడయు మా భయమును

ఈ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మేము ఛందస్సును గూర్చియో ప్రబంధములను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. పదునొకండేండ్లుగా తెలుగు బోధించువారము గనుక అట్లు తలచుట సహజమే. కాని 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదలుకొని రెండు మాసములు మేము బడికి రాకుండుటయు, వచ్చిన పిదప మా ముఖము వేఱుగా నుండుటయు విద్యార్థులందఱు నెఱిగినదే. కారణమును గూర్చి వసారాలలో పలు కథలు పుట్టినవి. ఒక కథలో మేము మోటారు సైకిలుమీదనుండి పడితిమి. మఱియొక కథలో మాకు చలనచిత్రమున వేషము దొరకినది. రెండవ కథ మాకు మిక్కిలి నచ్చినది గాని నిజము కాదు. నిజమును మేమే వ్రాయుట మేలని తోచినది.

చిన్ననాటనుండియు మాకు క్రింది దవడ పై దవడకంటె ముందునకు పెరిగియుండెను. నోరు మూసినప్పుడు క్రింది పండ్లు పై పండ్లకు వెలుపల నిలుచుచుండెను. స్పెయిను రాజగు రెండవ చార్లెసు (1661–1700) నకు ఇట్టి దవడయే యుండెననియు, అతడు నమలుటకు కష్టపడుచుండెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. రాజవంశములతో మాకుగల సంబంధ మింతమాత్రమే. జామకాయను ముందరి పండ్లతో కొఱుకుట యెట్లో మే మెఱుగము. చాకుతో ముక్కలు కోసికొని ప్రక్క పండ్లతో నమలువారము. ఇది సహించుకొనదగినదే. సహింపరానిది పలుకు. సకారము పలుకునప్పుడు గాలి పండ్ల సందున చెదరిపోవుచుండెను. వకారమునకు అందఱును క్రింది పెదవిని పై పండ్లకు తాకింతురు. మేము పై పెదవిని క్రింది పండ్లకు తాకించి యెట్లో గడుపుకొనుచుంటిమి. తెలుగు ఉపాధ్యాయునకు ఇది చిన్న లోపము కాదు. ఒకనాడు నీటి పంపుదగ్గర నొక బాలుడు మావలెనే “సంస్కృత సమాసము” అని పలికి తోటివారిని నవ్వించుట చెవిని బడినది. మాకు కోపము రాలేదని వ్రాసితిమేని అసత్యమగును. అనుకరణము చక్కగా నుండెను, అదియే బాధ.

ఇంతకాల మేల యూరకుంటిరని కొందఱడిగిరి. మా పదునైదవ యేట ఒక దంతవైద్యుడు చూచి, ఎదుగుదల ఆగినగాని దవడకు శస్త్రచికిత్స చేయరాదని చెప్పెను. ముఖమందలి యెముకలలో క్రింది దవడ కడపట ఎదుగుట మానును. తొందరపడి సరిచేసినచో అది మరల పెరిగి, చేసిన పనిని చెఱుపును. మగపిల్లలకు పదునెనిమిదేండ్లు దాటినను ఒక్కొకప్పుడు వేచియుండవలసి వచ్చును. మాకు పదునెనిమిదేండ్లు వచ్చుసరికి తండ్రి లేడు. చెల్లెలి వివాహము, మా బి.యెడ్. చదువు, ఇంటి యప్పు, ఇట్లు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. ముప్పదినాలుగవ యేట గాని తిరిగి ఆ మాట యెత్తలేకపోతిమి.

మొదట పండ్లకు తీగలు వేసిరి. వీనినే మనవారు క్లిప్పులందురు. ఇచ్చట ఒక వింత చెప్పవలెను. ఆ తీగలు మా ముఖమును బాగుచేయలేదు సరిగదా, మఱింత చెఱిపినవి! పుట్టుకతో దవడలు పొసగనివానికి పండ్లు తమంత తామే ఒరిగి యా లోపమును కొంత కప్పుకొనును. శస్త్రవైద్యుడు దవడను దాని చోట నిలుపవలెనన్నచో ముందుగా ఆ యొరిగిన పండ్లను నిటారుగా నిలుపవలెను. అప్పుడు కప్పు తొలగి లోపమంతయు బయటపడును. ఏడాదిన్నర కాలము మేము దినదినమును మఱింత ముందుకు వచ్చు గడ్డముతో తరగతికి పోయితిమి. వెనుకకు మఱలుటకు వీలులేదు. ముందుకు పోవుటకు ధైర్యము చాలదు.

అటుపిమ్మట శస్త్రవైద్యుడు మా దవడల అచ్చును బల్లపై నుంచి, చేయబోవు పనిని వివరించెను. కోతలన్నియు నోటిలోపలనే, బయట మచ్చ యుండదు. పై దవడను ముక్కుక్రింద అడ్డముగా కోసి విడదీసి ముందుకు జరుపుదురు. ఆ కోతకు లె ఫోర్ అను ఫ్రెంచి వైద్యుని పేరుపెట్టిరి. ముఖపుటెముకలు ఏ గీతలవెంట విఱుగునో 1901లో ఆయన వివరించెను. క్రింది దవడను ఇరుప్రక్కల వెనుకభాగమున నిలువుగా చీల్చి, పండ్లున్న భాగమును వెనుకకు జరుపుదురు. ఈ పద్ధతి 1950ల నాటిది. జూరిచ్ నగరమున ఓబ్‌వెగెసర్ అనువాడు నెలకొల్పినది. తరువాత టైటానియము పలకలతో, చిన్న మరలతో బిగింతురు. అనగా కొంతసేపు మా క్రింది దవడ మూడు ముక్కలుగా నుండునన్నమాట. వైద్యుడు ‘రంపము’ అను మాటను మన మింటిలో ‘గరిటె’ యన్నట్లు తేలికగా పలికెను. మేము తల యూపితిమి. ఇంటికి వచ్చుదారిలో ఎక్కవలసిన బస్సును ఎక్కక, చూచుచు నిలుచుంటిమి.

భయమన గుండెదడ యని మేము తలచుచుంటిమి. మా భయ మట్లు రాలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చుచుండెను. నాలుక తనంత తానే పండ్లను లెక్కించుచుండెను. చరవాణిలో శస్త్రచికిత్సల చిత్రములను వెదకి వెదకి చూచుచు, చూచినందుకు చింతించుచు మరల చూచుచుంటిమి. అర్ధసంవత్సర పరీక్షల కాగితములలో ఒక బాలికకు ఒకే జవాబునకు రెండుమార్లు మార్కులు వేసితిమి. (ఆమె నిజాయితీతో వచ్చి చెప్పెను, ఒకమారు వేసిన మార్కులు తీసివేసితిమి, ఇప్పటికిని మనసు నొచ్చుచున్నది.) బంధుమిత్రులు “ఏమీ కాదులే” యని ధైర్యము చెప్పిరి. ఏమియు కానిచో రంప మెందులకు? ఆ మాట విన్నప్పుడెల్ల మేము మఱింత యొంటరివారమైతిమి.

అమ్మ మాత్రము అట్లనలేదు. “నాయనా, నీ మొగం నాకు బాగానే ఉంది గదా, ఎవరి కోసం కోయించుకుంటావు? అది మీ నాన్న మొగమే” అనెను. ఆ మాటకు మావద్ద జవాబు లేకుండెను. రంపముకంటె ఆ మాటయే నిద్ర చెఱిపెను. నాయనగారి ఛాయాచిత్రములు మా యింట మూడు మాత్రమే యున్నవి. నాల్గవది మా ముఖము.

ఒక రాత్రి, నిద్రపట్టక, మిగిలిన జవాబుపత్రము వెనుక మా భయములను వరుసగా వ్రాసితిమి. పదునేడు తేలినవి. వ్రాసి చూచిన పిదప వానిలో పదునొకటి వైద్యునడుగదగినవి. నాలుగు ఇంటివారితో మాటాడదగినవి. రెండింటికి ఎవ్వరును జవాబు చెప్పజాలరు. అంతవఱకు పదునేడును కలిసి యొక్క చీకటిగా నుండెను. మఱునాడు ఆ కాగితమును తీసికొని వైద్యునివద్దకు పోతిమి. ఆయన నవ్వలేదు, ఒక్కొకదానికి జవాబు చెప్పి టిక్కు పెట్టుచు పోయెను. క్రింది పెదవికి స్పర్శనిచ్చు నరము సరిగా ఆ యెముక నడుమనే, కోత పడుచోటనే పోవునట. చికిత్స పిదప పెదవియు గడ్డమును మొద్దుబాఱుట దాదాపు అందఱికిని కలుగును. పెక్కండ్రకు వారములలోనో మాసములలోనో తగ్గును. కొందఱికి కొంతచోట శాశ్వతముగా నిలుచును. “మీకు నిలవదని నేను మాట ఇవ్వలేను” అని ఆయన చెప్పెను. పెదవులతో బ్రతుకువాడు ఈ మాట విని బెదరవలసినది. బెదరితిమి కూడ. కాని ఆ రాత్రి ఐదు గంటలవఱకు నిద్రించితిమి. దాచనివానిచేతిలో పడుకొనుట కొంత తేలిక.

వైద్యశాల వసారాలో తెనాలినుండి వచ్చిన యొక స్వర్ణకారుడు పరిచయమయ్యెను. మాకంటె చిన్నవాడు. ఆయనకు ఇదే చికిత్స జరిగి నాలుగు మాసములైనది. మా యెదుట రెండు ఇడ్డెనలు తిని చూపెను; ఏ గ్రంథమును మాకింత ఉపకారము చేయలేదు. “రెండో రోజు, మూడో రోజు వాపు బాగా వస్తుంది మాస్టారూ, అప్పుడు అద్దం చూసుకోకండి. రాసి చూపించడానికి పలక ఒకటి తెచ్చుకోండి. థియేటర్ ముందు నేను ఏడ్చానండి, ఎవరూ ఏమీ అనలేదు” అనెను. పూర్వము దవడలను తీగతో బిగించి వారములకొలది యుంచెడివారు. ఇప్పుడు పలకలుండుటవలన చాలమందికి రబ్బరు వలయములే చాలునని ఆయనవలననే తెలిసినది. నోరు మూసియుండగా వాంతి వచ్చిన నేమగునను మా పదమూడవ భయము అచ్చటనే తొలగెను.

ముందునాటి సాయంకాలము మత్తుమందు వైద్యురాలు వచ్చి మంచముప్రక్క కూర్చుండెను. దవడలపై పని జరుగును గనుక శ్వాసగొట్టమును ముక్కునుండి పంపుదురని చెప్పి, ఏమి భయమని యడిగెను. నిద్రలో శ్వాస ఆగుటయా, గుండె ఆగుటయా, ఏది ముందని మే మడిగితిమి. ఆమె నవ్వి, “ఈ ప్రశ్నను మన హైదరాబాదులో కూడా అడిగారు మాస్టారూ” అనెను. 1888లోను 1889లోను నిజాము ప్రభువు ధనసహాయముతో అచ్చట రెండు క్లోరోఫారము సంఘములు కూర్చుండినవి. వైద్యపాఠశాల యధిపతియగు లారీ దొర, క్లోరోఫారమువలన ముందు ఊపిరియే ఆగును గాని గుండె కాదు, కావున ఊపిరినే చూడవలెనని వాదించెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిగినవి. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందిచ్చుటలో ఆరితేరి, ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో నొకతెగా పేరొందెను. కాని లారీ నిర్ణయము నిలువలేదు. మత్తు తేలికగా నున్నప్పుడు క్లోరోఫారము గుండెనే హఠాత్తుగా నాపగలదని 1911లో లెవీ అను నాంగ్లేయుడు చూపెను. భయమున రక్తములో నూరు అడ్రినలిన్ దానికి తోడగునని కూడ తేలెను. నాడు భయపడుటయే ప్రమాదమన్నమాట! “ఇప్పుడు ఆ మందు వాడం. ఊపిరినీ చూస్తాం, గుండెనూ చూస్తాం. మీరు భయపడవచ్చు, మాకేం ఇబ్బంది లేదు” అని ఆమె లేచిపోయెను. రోగిని ముందుగా కలిసి మాటాడిన మత్తువైద్యుడు నిద్రమందుకంటె ఎక్కువ నెమ్మది కలిగించునని 1963లో ఎగ్బర్ట్ మొదలగువారు బోస్టనులో జరిపిన పరిశోధన యొకటి యున్నదని తరువాత చదివితిమి. మాకు చదువకమునుపే తెలిసినది. భయపడుటకు సెలవు దొరకిన పిదప భయము సగమైనది.

ఆ రాత్రి అమ్మ మాయొద్ద నుండెను. అర్ధరాత్రి దాటిన పిదప ఏమియు తినరాదు గనుక, పదిగంటలకు ఇంటినుండి తెచ్చిన జంతికలు రెండు చప్పుడగునట్లు నమలితిమి. అమ్మ చాలసేపు చూచి, “మీ నాన్నకు కూడా జామకాయ కొరకడం వచ్చేది కాదు. చాకుతో కోసి ఇచ్చేదాన్ని. ఆయనకూ నలుగురిలో తినాలంటే సిగ్గే” అనెను. కొంతసేపటికి, “నువ్వు కొరుక్కుతిను నాయనా” అని అటు తిరిగి పడుకొనెను. మా జాబితాలోని పదునైదవ భయమునకు ఎదురుగా మేమే టిక్కు పెట్టితిమి.

ఉదయమున బండిపై పరుండబెట్టి తీసికొనిపోవునప్పుడు, పైకప్పు దీపములు ఒకటొకటిగా వెనుకకు జఱుగుచుండగా, ఊపిరిని నెమ్మదిగా విడుచుచు ఉత్పలమాల గణములను లెక్కించితిమి: భ, ర, న, భ, భ, ర, వ. గణమున కొక ఊపిరి. దడ తగ్గలేదు గాని వరుసలో నడచినది. పిదప చంపకమాల నెత్తుకొంటిమి. న, జ, భ వఱకు జ్ఞాపకమున్నది. తక్కిన పాదము ఇంతవఱకు పూర్తికాలేదు.

మేలుకొన్న తరువాతి సంగతులు పెక్కు చెప్పనక్కఱలేదు. స్వర్ణకారుడు చెప్పినట్లే జరిగినవి; మూడవనాడు అద్దము చూచుకొంటిమి, అదియొక్కటే మా తప్పు. ఆఱు వారములు జావ, మజ్జిగ, పండ్లరసములతోను, పిదప మెత్తని యన్నముతోను గడచినవి. సకారము వెంటనే రాలేదు. నాలుకకు పాతయిల్లు మఱచి క్రొత్తయింట తిరుగుట నేర్పవలసి వచ్చెను. పంపుదగ్గరి బాలుడు ఇప్పుడు పదవ తరగతి. మా క్రొత్త పలుకును అనుకరింప యత్నించుచున్నాడని వింటిమి, ఇంకను కుదురలేదట.

క్రింది పెదవి యెడమప్రక్క బొటనవ్రేలంత చోటు నేటికిని మొద్దుగనే యున్నది. వైద్యుడు గట్టివి తినవచ్చునని చెప్పిన పిమ్మట, ఒక ఆదివారము అమ్మ పళ్లెములో జామకాయ నొకదానిని పెట్టి తెచ్చెను. చాకు తేలేదు. ముందరి పండ్లతో కొఱికితిమి, తెగినది. రసము ఎడమప్రక్కగా గడ్డముమీదికి జాఱినది మాకు తెలియలేదు. అమ్మ కొంగుతో తుడిచెను.