నడుముకు కొత్త పని

మరమగ్గం ముందు పూటంతా నిలబడే ఒళ్లు ఇది, కష్టం ఎరగనిదేమీ కాదు. అయినా ఇంటి వెనక పుండికూర మడి కోసం పలుగు పట్టగానే నడుము మొరాయించింది. మగ్గం కాళ్లను, చెవులను తింటుంది. తవ్వకం నడుమును, భుజాలను అడుగుతుంది. పైగా షోలాపూర్ నల్లరేగడి! ఎండితే రాయి, తడిస్తే పారను వదలదు. వాన వెలిశాక కాస్త ఆరనిచ్చి, పదును చూసి దిగాలి. బీడీలు చుట్టి చుట్టి మెడ పట్టేసిన మా ఇంటామె మాత్రం గొంతుక్కూర్చుని గడ్డలన్నీ చితగ్గొట్టేసింది. ఒళ్లు నొప్పులంటే గుర్తొచ్చింది, మేం నేసే షోలాపూర్ చాదరుకు 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. నేసేవాళ్ల మోకాళ్ల సంగతి మాత్రం ఎవరికి పట్టింది? మడికి పశువుల ఎరువు తట్టలు ఇంకా మోయాలి. కార్ఖానా సెలవు దాకా ఆగుతాను.