వేలూరు మెట్ల మీద

దేవుని కృపను బట్టి 2014 వేసవిలో మేమిద్దరము తెనాలిలో రాత్రి రైలెక్కి, తిరుపతి, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగాము. అక్కడి నుండి వేలూరుకు ఆటోలో కొద్ది దూరమే. దారిలో పాలారు వంతెన; ఏటిలో ఇసుక తప్ప నీరు లేదు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాలే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. ఎదుటి సందులలో గదితో పాటు స్టవ్వు, గిన్నెలు కూడ అద్దెకిచ్చే లాడ్జీలున్నాయి. మెట్ల మీద తెలుగు, తమిళము, బెంగాలీ కలిసి వినబడతాయి.

మా సంఘములోని ఒక సహోదరుని కుమారుడు, పదకొండేండ్లవాడు, అక్కడ ఉన్నాడు. వాని ఎముకలలోని మూలుగ రక్తము తయారు చేయుట మానివేసింది. ఈ ఆసుపత్రిలో మూలుగ మార్పిడి 1986 నుండి జరుగుతోంది. మేము పెద్ద కోత అనుకున్నాము, కాదట. బలమైన మందులతో పాత మూలుగను అణచివేసి, అక్క ఇచ్చిన మూలకణములను రక్తము ఎక్కించినట్లే నరము ద్వారా ఎక్కిస్తారు. అవి కుదురుకొనుటకు రెండు నుండి నాలుగు వారములు పడుతుంది. అంతవరకు చిన్న క్రిమి సోకినా ప్రాణము మీదికి వస్తుంది.

సంగతి తెలియక మేము ద్రాక్షపండ్లు, ఆవకాయ జాడీ పట్టుకొని, తలమీద చేతులుంచి ప్రార్థించుదామని వెళ్ళాము. నర్సమ్మ తలుపు దగ్గరే ఆపివేసింది. సిగ్గుపడి అద్దములో నుండి చేయి ఊపి వచ్చాము.

వానికి నోరంతా పుండ్లు. మాత్రలు మింగనని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి మెట్ల మీద మమ్మును అడిగింది: "అయ్యగారూ, నేను ఏడుస్తున్నందుకేనా బిడ్డకు జ్వరం తగ్గట్లేదు?" ఊరి నుండి ఎవరో ఫోనులో, నీకు విశ్వాసము చాలలేదమ్మా అన్నారట. అట్టి మాటను రోగి గుమ్మము దాకా మోసుకొని వెళ్ళుట పాపమని మా అభిప్రాయము. జ్వరము తెల్లకణములు లేనందువల్ల వచ్చినదే గాని ఏడుపు వల్ల కాదని వైద్యురాలు ఆమె ప్రక్కన కూర్చుండి చెప్పింది.

అయినను దిగులు ఊరకుండదు. నిద్రను, ఆకలిని తినివేస్తుంది. అవి లేని బిడ్డ నాలుగడుగులు నడవడు, నోరు పుక్కిలించడు, మందు వేళకు మింగడు. అక్క కణములు తమ్ముని దేహము మీద తిరగబడకుండ ఆపేది ఆ మందే. 2016లో అమెరికాలోని బోస్టను వైద్యులు 160 మంది రోగులతో చేసిన పరిశోధన ఒకటి ప్రచురించారు. మార్పిడి దినములలోనే నొప్పిని, మనోవేదనను ప్రత్యేకముగా కనిపెట్టి చూచినవారిలో దిగులు తక్కువగా ఉన్నది. ఆ మేలు మూడు నెలల తరువాత కూడ కనబడినది.

మమ్మును ఎక్కువ కదిలించినది అక్క. పద్నాలుగేండ్ల పిల్ల. "నావి మంచివి కాకపోతే?" అన్నది మెల్లగా. అంతవరకు అందరము తమ్ముని కొరకే ప్రార్థించాము. ఆ రాత్రి ఆ పిల్ల పేరు పెట్టి ప్రార్థించాము.

పద్దెనిమిదవ దినమున తెల్లకణములు పెరుగుట మొదలైనది. వంద దినములు ఆసుపత్రి దగ్గరలోనే ఉండాలన్నారు. మూతికి మాస్కు, కాచిన నీళ్ళు, అప్పటికప్పుడు వండిన అన్నము. మేము మరల వెళ్ళేసరికి వాడు సాయంకాలము లాడ్జీ డాబా మీద నడుస్తున్నాడు. చుట్టు తిరిగినప్పుడెల్లా అక్క సుద్దముక్కతో గోడమీద గీత గీసి, "ఇంకొక్కటి రారా" అంటోంది. మేము మెట్లు దిగేటప్పటికి తొమ్మిది గీతలున్నాయి.