నేను చెప్పిన మొదటి పాఠంలో తప్పు

రెండేండ్ల సంది అందరి పోస్టులు చదువుకుంట పోతున్న గానీ నేను రాయడం ఇదే మొదలు. కొంచెం పెద్దగైంది, ఏమనుకోకండి. టీచర్ ఉద్యోగంలో ఉన్నోళ్లు, బీఎడ్ చేస్తున్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మీతోని పనుంది.

మాది అయిజ. ఎరుకలోళ్లం. అమ్మ ఈత బరిగెలతో గంపలు అల్లుతది. నాయిన పత్తి సీజన్‌ల హమాలీ, మిగతా రోజులు ఏ పని దొరికితే ఆ పని. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. ఇప్పుడు గద్వాలలో బీఏ ఫైనలియర్, హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఉండేది ఎస్టీ అమ్మాయిల హాస్టల్‌లో. చిన్నప్పుడు సీడు పత్తి చేన్లకు క్రాసింగ్‌కు పోయేదాన్ని. నడిగడ్డోళ్లకు చెప్పే పని లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్న. పొద్దుగూకేముందు ఆడ మొక్కల మొగ్గలు గిల్లి పెట్టాలె, తెల్లారి మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలె. చిన్న చేతులైతే పని మంచిగైతదని పిల్లల్ని పిలుస్తరు. ఆరో తరగతిలో ఆ పనికి పోయి రెండు నెలలు బడి పోగొట్టుకున్న. అట్లాంటిదాన్ని డిగ్రీ దాకా వచ్చిన.

డిగ్రీ అయినంక ఏందని అందరూ అడుగుతున్నరు. నాకు హిస్టరీ టీచర్ కావాలని ఉంది. నాయిన కానిస్టేబుల్ పరీక్ష రాయమంటున్నడు.

ఆయన మాటకు కారణముంది. ఊర్ల ఎవరిదన్న బోరు మోటరు పోయినా, మేకలు పోయినా మొదలు గుర్తొచ్చేది మా బస్తీ. నాయిన వయసుల ఉన్నప్పుడు, పనికి పోయిన ఒక ఊర్ల, రెండుసార్లు పట్టుకపోయి రాత్రంతా కూర్చోబెట్టిన్రంట. రెండుసార్లూ దొరికిన దొంగలు వేరేటోళ్లు. "ఇంట్ల ఒక్కరు ఖాకీ డ్రెస్సు ఏస్తే మన గడప ఎవ్వడూ తొక్కడు బిడ్డా" అంటడు. ఈ మాటకు నా దగ్గర ఇప్పటిదాకా జవాబు లేదు.

టీచర్ దారి లెక్క కూడా చూసుకున్న. డిగ్రీ అయినంక ఎడ్‌సెట్, రెండేండ్లు బీఎడ్, తర్వాత టెట్, తర్వాత డీఎస్సీ. మన రాష్ట్రంలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద నోటిఫికేషన్ వచ్చింది 2024లోనే. మొత్తం 11,062 పోస్టులు. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629, అదీ అన్ని సబ్జెక్టులు, అన్ని జిల్లాలు కలిపి. ఇంకో సంగతి, బడిలో హిస్టరీ టీచర్ అని విడిగా ఉండరు. సోషల్ టీచరే ఉంటరు. భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ చెప్పాలె. నాకు మ్యాపు చూస్తేనే భయం. అన్నేండ్లు ఇంట్ల ఎట్ల గడుస్తదో, తమ్ముని చదువు ఏమైతదో తెల్వదు.

ఇవి అందరికీ ఉండే అనుమానాలే. ఇవి చెప్పుకునేతందుకే అయితే ఇంత పోస్టు రాయకపోదును. నా అసలు అనుమానం పోయిన నెల మొదలైంది.

హిస్టరీ మీద ఇష్టం బడిలో కొమురం భీం పాఠంతో వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో ఆయన చనిపోయిన కాడికి వచ్చేసరికి క్లాసంతా చప్పుడు లేకుండ అయ్యింది. ఆదివాసీ మనిషి గురించి క్లాసు అట్ల వినుడు నేను చూసింది అదే మొదలు. తర్వాత డిగ్రీలో మా కులం పేరు దొరికింది. దొరికిన చోటు నేరస్థ తెగల చట్టం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తరాదిలో తెచ్చిన చట్టం అది. 1911లో మార్చినంక మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఒక మనిషి చేసిన తప్పుకు ఆ మనిషిని కాదు, తెగ మొత్తాన్నే నేరస్థులని రాసుకునే చట్టం. వేలిముద్రలు తీసుకునేది, హాజరీ వేసేది, ఊరు దాటాలంటే చీటీ ఉండాలె. ఎరుకలోళ్ల కోసం బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఒక సెటిల్‌మెంట్ పెట్టిన్రు. హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు మీద అది స్టువర్టుపురం అయ్యింది. మా హాస్టల్‌లో చాలామందికి ఆ పేరు సినిమాతోనే తెలుసు. స్వాతంత్ర్యం వచ్చినంక అనంతశయనం అయ్యంగార్ కమిటీ ఆ చట్టం తీసేయమని చెప్పింది. తీసేసింది 1952 ఆగస్టు 31న. అంటే 1947 ఆగస్టు 15 దాటి ఐదేండ్లు గడిచినంక.

మా లెక్చరర్ ఈ పాఠం మంచిగనే చెప్పిన్రు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో దీని మీద పుస్తకం తెచ్చిందని, చదవమని అన్నరు. అందులోంచి నాకు బాగా పట్టుకున్న సంగతి ఉప్పు. మనోళ్లు సముద్రం దిక్కు నుంచి ఉప్పు మోసుకొచ్చి లోపలి ఊర్లల్ల ధాన్యానికి మార్చుకునేటోళ్లు. ఉప్పు సర్కారు గుత్తకు పోయింది, రోడ్లు, రైళ్లు వచ్చినయ్, ఆ బేరం పోయింది. మధ్యల 1876-78 కరువు, ధాత కరువు అంటరు, కర్నూలు, బళ్లారి దిక్కు ఘోరంగ తగిలింది. బతుకుదెరువు పోయి తిరిగేటోళ్లను చూసి, వీళ్లకు ఊరు లేదు, పని లేదు, దొంగలే అన్నరు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని మా పేర్లల్లనే మా పనులు ఉన్నయ్. చదువుతుంటే ఎవరో మా ఇంటి తలుపు తీసినట్టు అనిపించింది.

సెమిస్టర్ పరీక్షలు అయినంక ఇంటికొచ్చి, అయిజలో నేను చదివిన బడికి పోయిన. సార్‌ను అడిగితే ఎనిమిదో తరగతికి ఒక పీరియడ్ ఇచ్చిండు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. బోర్డు మీద 1871 అని రాసి మొదలు పెట్టిన. ఉప్పు గురించి చెప్పిన, కరువు గురించి చెప్పిన. ఒక పిల్ల లేచి, "అక్కా, ఎరుకలోళ్లంటే దొంగలంటరు గదా?" అన్నది. ఎకసక్కానికి కాదు, నిజంగనే అడిగింది. చివరి బెంచీల మా బస్తీ పిలగాడొకడు తల దించుకున్నడు. వాని తల చూసి నాకు ఆగలేదు. "అది బ్రిటిషోళ్లు పుట్టించిన అబద్ధం. మన అయిజలోనే మా పెద్దోళ్ల వేలిముద్రలు తీసుకున్నరు. మావాళ్లు ఎన్నడూ ఒక్క గింజ కూడా దొంగతనం చేయలే" అని గట్టిగ చెప్పిన. పిలగాడు తల ఎత్తిండు. ఆ పొద్దు ఇంటికి పోతుంటే నేను టీచర్‌నే కావాలని ఖాయం చేసుకున్న.

రాత్రి ఇదంతా అవ్వకు చెప్పిన. మేం నాయినమ్మను అవ్వ అనే పిలుస్తం. ఆధార్‌ల అవ్వ పుట్టింది జనవరి ఒకటి అని ఉంటది గానీ, ఆమె లెక్క ప్రకారం రజాకార్ల గడబిడ సద్దుమణిగినంక రెండేండ్లకు పుట్టింది. అంటే 1950 అటుఇటు. మోకాళ్లు నొయ్యనంత కాలం గంప ఎత్తుకొని ఊరూరా ఎరుక చెప్పింది.

అంతా విని అవ్వ అడిగింది. "ఎవ్వరూ చేయలేదన్నవా?"

"అవును."

"మీ తాత మేనమామ కరువుల గొర్రెను ఎత్తుకొచ్చిండు. ఆ కూర తినే మీ తాత బతికిండు. మా అత్త నాకు చెప్పింది. మా అత్తోళ్లు తుంగభద్రకు అవతల కర్నూలు దిక్కు. ఆమె చిన్నగున్నప్పుడు వాళ్ల నాయిన రాత్రి పేరు పిలిస్తే పోయి పలకాల్నంట. ఆయన ఎన్నడూ ఎవరి సొమ్మూ ముట్టలే. అయినా పలకాల్నంట. ఒక్కడు చేస్తే అందర్నీ రాసుకున్నరు, అది చెప్పు. ఎవ్వరూ చేయలేదని ఎట్ల చెప్తవ్?"

నాకు కోపం వచ్చింది. నువ్వు కూడా వాళ్ల మాటే అంటవా అన్న. అవ్వ నవ్వలేదు, తిట్టలేదు. "నేను ఎరుక చెప్పేటప్పుడు మొకం చూసి చెప్పేదాన్ని బిడ్డా. పెండ్లి కాని పిల్లుంటే పెండ్లయితదని, కొడుకు దూరం పోతే వస్తడని. వాళ్లు ఏం వినాల్ననుకుంటరో అది చెప్తే చేట నిండా గింజలు పోస్తరు. నువ్వు కూడా ఆ పిలగాని మొకం చూసి చెప్పొచ్చినవ్. అది ఎరుక. బడిల చెప్పేది అది కాదు గదా."

రాత్రంతా నిద్ర పట్టలేదు. మరునాడు లెక్చరర్‌కు ఫోన్ చేస్తే ఇంకో తప్పు బయటపడింది. నడిగడ్డ నిజాం రాజ్యంలోది. బ్రిటిషోళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ నదికి అవతల కర్నూలు నుంచి. అయిజలో బ్రిటిషోళ్లు వేలిముద్రలు తీసుకున్నరని నేను ఏ ఆధారంతో చెప్పిన? మా అవ్వ అత్త కథ కర్నూలు దిక్కుది. దాన్ని తెచ్చి నేను అయిజలో పెట్టిన. ఒక్క పీరియడ్‌లో రెండు తప్పులు. సెలవులు అయిపోయి హాస్టల్‌కు వచ్చేసిన. ఆ తప్పులు ముప్పై ఎనిమిది మంది తలకాయలల్ల అట్లనే ఉన్నయ్.

హాస్టల్‌లో మా రూమోళ్లకు చెప్పిన. అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చిన చెంచు అమ్మాయి, "మీరు పుస్తకంలో దొంగలుగనన్న ఉన్నరు, మేం చెంచులక్ష్మి కథ దాటి బయటికి రాలే" అన్నది. తండా నుంచి వచ్చిన లంబాడీ అక్క, "మావాళ్లు సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోసిన్రు. ఏ రాజు గెలిచిండో ఉంటది, తిండి మోసినోళ్లు ఒక్క లైన్ల ఉంటరు" అన్నది. మేం ముగ్గురం ఎస్టీలమే, ముగ్గురికీ మూడు వేరే బాధలు. ముగ్గురి గురించీ ఎవరో ఒకరు బడిలో చెప్పాలె. చెప్పేటోళ్లు మొకం చూసి చెప్తే మాత్రం ఇంకో కట్టుకథ తయారైతది.

సురవరం ప్రతాపరెడ్డిది మన అలంపురం దిక్కు ఇటిక్యాలపాడు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దానికే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలు ఆడిన్రు అని పాత కావ్యాలల్ల ఏరి ఏరి రాసిండు. ప్రతి మాటకు ఎక్కడి నుంచి తీసుకున్నడో చూపించుకుంట పోయిండు. మాకు కావ్యాలు లేవు. మా గురించి రాసిన కాగితాలు ఎక్కువ పోలీసులు రాసినవే. అవి గాక మిగిలింది కులంలో ఉన్న ఉప్పు అనే మాట, అవ్వ దగ్గర ఉన్న గొర్రె కథ, రాత్రి హాజరీ కథ. ఇందులో ఒకటి నచ్చలేదని పారేస్తే మిగతా రెండూ ఎవరు నమ్ముతరు?

అయినా నా భయం ఇది. గొర్రె సంగతి చెప్తే మిగతా పిల్లలు ఆ ఒక్క మాటే పట్టుకుంటరేమో. ఉప్పు మర్చిపోతరు, కరువు మర్చిపోతరు, గొర్రె గుర్తుంటది. చివరి బెంచీ పిలగాడు మళ్లీ తల దించుకుంటడు, ఈసారి నావల్ల. నిజం చెప్తే వానికి దెబ్బ, అబద్ధం చెప్తే ఎప్పుడో ఎవరో అది అబద్ధమని తేల్చిన రోజు వానికి ఇంకా పెద్ద దెబ్బ. ఈ రెండిటి నడుమ నిలబడే ధైర్యం నాకుందా? టీచర్ అయితనా లేదా అనే నా అనుమానం ఇదే. డీఎస్సీ పోస్టుల లెక్క దీని తర్వాతే.

ఒకటి మాత్రం నిర్ణయించుకున్న. వచ్చే నెల ఇంటికి పోయినప్పుడు బడి ఉన్న రోజు చూసుకొని సార్‌ను ఇంకో పీరియడ్ అడుగుత. ముందు రోజే బస్తీల ఆ పిలగాన్ని, వాళ్లమ్మను కలిసి ఏం చెప్పబోతున్ననో చెప్త. క్లాసులో మొదట నా రెండు తప్పులు బోర్డు మీద రాస్త. తర్వాత కరువు, ఉప్పు, చట్టం వరుసగా చెప్పి, గొర్రె కథ మా ఇంటి కథ అనే చెప్త. ఎవరిదో కాదు, మా తాత తిన్న కూర. ఆఖరికి అడుగుత, ఒక్కడు గొర్రెను ఎత్తుకొస్తే, ఎన్నడూ ఏదీ ముట్టని మనిషి రాత్రి పోయి ఎందుకు పలకాలె? జవాబు నేను చెప్పను, వాళ్లనే చెప్పమంట.

నాయినకు కూడా మాటిచ్చిన. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే ఫారం నింపుత. ఎడ్‌సెట్ ఫారం కూడా నింపుత. "రెండూ ఎందుకు?" అన్నడు. చెప్పలేకపోయిన. ఇది చదివి వినిపిద్దామనుకుంటున్న.

ఇప్పుడు మీతోని పని. మీలో చాలామంది బడుల్లో పాఠాలు చెప్తున్నరు. మీ కులం గురించి, మీ తండా గురించి, మీ గూడెం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు కష్టమైన సంగతి ఎట్ల చెప్పిన్రు? మీ పిల్లగాడొకడు ఆ క్లాసులనే కూర్చొని ఉంటే ఎట్ల చెప్పిన్రు? మీ క్లాసుల జరిగింది జరిగినట్టు రాయండి. నాకు నచ్చేటట్టు మాత్రం రాయకండి.